నాకు చుక్కలు చూపించిన ఉస్తాద్ హిల్మీ

ఉస్తాద్ హిల్మీ చుక్కలు లెక్కపెట్టేవాడు. ఆకాశంలోవి ఎలా పోతే ఆయనకేం, కాగితం మీదవి మాత్రం ఒక్కటి తగ్గకూడదు. అచ్చయిన ముక్క ఏది కనబడినా, అది పెళ్ళిపత్రిక కానివ్వండి, మందుసీసా మీది చీటీ కానివ్వండి, తామియా వడలు పొట్లం కట్టిచ్చిన పాత పేపరు కానివ్వండి, కోటు జేబులోంచి భూతద్దం తీసి, ఒక కన్ను మూసి, అక్షరం అక్షరానికీ ఉండాల్సిన చుక్కలున్నాయో లేవో చూస్తేగాని ఆయనకు గుటక దిగేది కాదు. ఆ చూడటం అయ్యేసరికి వడలు చల్లారి రాళ్ళయ్యేవి. వీధిలో అందరూ ఆయన్ని చుక్కల ఉస్తాద్ అనేవారు. ఆయనకు ఆ బిరుదు నచ్చేది. బిరుదులో తప్పులు లేవు గనక.

ఇది మీకు అర్థం కావాలంటే మా అరబీ అక్షరాల సంగతి ఒక్కమాట చెప్పాలి. మా అక్షరాల్లో సగం కవలపిల్లలు. ఒకే ఒళ్ళు, ఒకే మొహం. చుక్క కింద పెడితే ఒకడు, పైన పెడితే వాడి తమ్ముడు, అసలు పెట్టకపోతే పక్కింటివాడు. మనుషులు అలవాటు కొద్దీ పోల్చుకుంటారు. యంత్రానికి అంత సులువు కాదు. సులువేనని నమ్మినవాడు మన్సూరా ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. వాడి పేరు ఫిక్రీ. అంటే నేనే.

యూనివర్సిటీ గేటు ఎదుట జిరాక్సు షాపు నాది. ఒక ఏడు నాకు పెద్ద ఆలోచన వచ్చి, స్కానరూ దాంతోపాటు ఓసీఆర్ అనే ప్రోగ్రామూ కొన్నాను. పాత కాగితాన్ని అద్దం మీద బోర్లా పెడితే చాలు, దాని ఫొటో తీసి, ఫొటోలోని అక్షరాలు చదివి, మనం టైపు కొట్టినట్టే కంప్యూటర్లో పెట్టేస్తుంది. ఆ తర్వాత ఏ మాట కావాలంటే ఆ మాట మార్చుకోవచ్చు, అక్షరం ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. రెండు రోజుల టైపు పని టీ తాగేలోపు అయిపోయేది. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. షాపు ముందు బోర్డు రాయించాను: ‘పాత కాగితం తెండి, కొత్త అక్షరం పట్టుకెళ్ళండి. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు తప్పులుండవు.’

ఉస్తాద్ హిల్మీ ఆ బోర్డు చూసే లోపలికి వచ్చాడు. పొడుగాటి మనిషి, ఎండాకాలంలో కూడా కోటు.

"బాబూ, ఈ బోర్డు ఎవరు రాయించారు?"

"నేనేనండీ. చుక్కలన్నీ ఉన్నాయి కదా?" అన్నాను, ఆయన పేరు అప్పటికే విని ఉన్నాను కాబట్టి.

"చుక్కలకేం, నిక్షేపంలా ఉన్నాయి. లెక్కే బాగాలేదు. ఒక పేజీకి అక్షరాలెన్ని?"

"పదిహేను వందలుంటాయేమో."

"నూటికి ఒకటి తప్పయితే పేజీకి పదిహేను తప్పులు. పేజీకి పదిహేను తప్పులు ఇస్తానని నీ చేత్తో నువ్వే బోర్డు కట్టుకున్నావన్నమాట. వ్యాపారంలో ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు నాయనా."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు. బల్ల మీద ఎవరో తీసుకెళ్ళాల్సిన సంతాపపత్రం ఉంటే భూతద్దం పెట్టాడు. రెండో వరుస దగ్గర ఆగాడు.

"పోయినాయన అంత చెడ్డవాడా?"

"అయ్యో, దేవుడిలాంటి మనిషటండీ. ఎందుకలా అడిగారు?"

"‘మా హబీబ్ అయిన తండ్రి’ అని ఉండాలి. ప్రియమైన తండ్రి అని. ఇక్కడ పైన ఒక చుక్క ఎక్కువైంది, చివర కింద ఉండాల్సింది పైకెక్కి మూడయింది. హబీబ్ కాస్తా ఖబీస్ అయ్యాడు. ‘మా దుర్మార్గుడైన తండ్రి మమ్మల్ని విడిచి వెళ్ళారని తెలియజేయడానికి చింతిస్తున్నాము.’ చింతించాల్సిన పనేముంది? పండగ చేసుకోవచ్చుగా."

"యంత్రం అలా చదివిందండీ..."

"అది ఏ బడిలో చదువుకుంది?"

మర్నాటి నుంచి పొద్దున్నే తొమ్మిదింటికి ఆయన నా షాపులో హాజరు. జీతం అడగలేదు, నేను ఇస్తాననలేదు. తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు. ముప్పైనాలుగేళ్ళు ఒక ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్ది రిటైరయిన మనిషి. "ముప్పైనాలుగేళ్ళలో నా కంటి కింద నుంచి ఒక్క చుక్క జారలేదు" అనేవాడు. రోజుకు రెండుసార్లు అనేవాడు. సెలవుల తర్వాత వస్తే బాకీతో కలిపి అనేవాడు.

ఆయన పెళ్ళినాటి కథ కూడా అందరికీ తెలుసు. రిజిస్ట్రారు ఒప్పందపత్రం రాసి సంతకానికి ఇస్తే, పెళ్ళికొడుకు భూతద్దం తీశాడట. వధువు పేరు జైనబ్. ఐదు చుక్కలుండాలి, నాలుగే ఉన్నాయి. మొదటి అక్షరం మీది చుక్క లేదు.

"ఇక్కడ రైనబ్ అని ఉంది. ఆవిడెవరో నాకు తెలియదు. పరాయి ఆడదాన్ని నేనెలా చేసుకుంటాను?" అన్నాడట. కాగితం తిరగరాసేదాకా గంటసేపు విందు ఆగిపోయింది. జైనబ్ గారు బతికున్నన్నాళ్ళూ ఆ కథ తనే చెప్పి నవ్వేది. "నా పేరు పూర్తిగా రాయించిన మొగాడు లోకంలో ఈయనొక్కడే" అనేది.

నా షాపులో ఆయన మొదటి యుద్ధం ఈగలతో. అచ్చుకాగితం మీద ఈగ కూర్చుని తన గుర్తు వదిలి వెళ్తే, యంత్రం దాన్ని చుక్క అనుకుంటుంది. అంచేత ఈగల బ్యాటు ఒకటి ఎప్పుడూ ఒళ్ళో ఉండేది.

"ఉస్తాద్, ఒక్క ఈగ కోసం అంత పరుగెందుకండీ? కాళ్ళు నొప్పులంటారు మళ్ళీ."

"ఈగ అంటావేమిటి దాన్ని! రెక్కలొచ్చిన అచ్చుతప్పు అది. తలుపు మూయ్!"

ఆ వేటలో నా టీ గ్లాసులు ఆరు పగిలాయి. ఒకసారి ఒక ప్రొఫెసరు గారి బట్టతల మీద ఈగ వాలింది. ఇంతకంటే ఆ సంగతి నేను చెప్పను. ఆ ప్రొఫెసరు గారు ఇప్పుడు వేరే షాపుకు వెళ్తున్నారు.

ఈగలు పోతే మనుషులు. ఎవరైనా పది పేజీల పని తెస్తే యంత్రం పది నిమిషాల్లో తేల్చేది, ఉస్తాద్ రెండు రోజులు పట్టేవాడు. గేటు లోపల పరీక్ష గంట కొడుతుంటే పిల్లలు కాగితాల కోసం నా బల్ల ముందు గంతులేసేవారు.

"మావయ్యా, మూడు పేజీలే కదా, ఇచ్చెయ్యవా?"

"రెండో పేజీలో ఉన్నాను తల్లీ. తొందరపడితే చుక్కలు బెదురుతాయి" అనేవాడు ఉస్తాద్.

నేను వ్యాపారిని. నాకొక ఉపాయం తట్టింది. మధ్యాహ్నం నమాజుకు ఉస్తాద్ మసీదుకు వెళ్తాడు, వచ్చేసరికి అరగంట. ఆయన దిద్దని కాగితాలన్నీ ఆ అరగంటలో జనానికి పంచేసేవాణ్ణి. ఆయన అక్కడ మోకరిల్లి దేవుణ్ణి స్మరిస్తుంటే, నేనిక్కడ ఆయన స్మరణకు కూడా రానంత వేగంగా సంచులు కట్టేవాణ్ణి. ఆయన తిరిగొచ్చి, తరిగిపోయిన దొంతర చూసి, "ఎవరెవరు వచ్చారు?" అని మాత్రం అడిగేవాడు. నేను పేర్లు చెప్పేవాణ్ణి. ఆయన ఏమీ అనేవాడు కాదు. ముసలాయనకు అనుమానమే రాలేదని నాలో నేనే మురిసిపోయేవాణ్ణి.

రెండేళ్ళు అలా గడిచాయి. ఆ రెండేళ్ళలో తప్పులున్నాయని ఒక్క మనిషి కూడా తిరిగి రాలేదు. ఇంట్లో మా సుహైర్ దగ్గర నేను ఛాతీ విరుచుకునేవాణ్ణి.

"చూశావా, దిద్దకుండా ఇచ్చినవాటి మీద ఒక్క ఫిర్యాదు లేదు. నా యంత్రం అంటే ఏమనుకున్నావు!"

"యంత్రం గొప్పదే. దాని పక్కన కూర్చుని నువ్వు కూడా చదవడం నేర్చుకోవచ్చుగా" అనేది మా ఆవిడ, కూర కలుపుతూ.

ఒక శనివారం ఉస్తాద్ కుర్చీ మడిచి గోడకు ఆనించాడు. ఎడమ కంటికి శుక్లం ముదిరిందట, జగాజీగ్‌లో కూతురింటికి వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంటాడట.

"రెండు వారాలు రాను నాయనా ఫిక్రీ. ఒక మాట వింటావా? నేను వచ్చేదాకా స్కానరు మీద గుడ్డ కప్పి ఉంచు. జిరాక్సులు తీసుకుంటూ బతుకు."

"అలాగే ఉస్తాద్, మీరు నిశ్చింతగా వెళ్ళిరండి."

ఆయన వీధి మలుపు తిరిగాక నేను గుడ్డ తీసి కిటికీలు తుడుచుకున్నాను.

సోమవారం నాడు హాజీ ముహర్రమ్ వచ్చాడు. వేయించిన చేపలకు మా ఊళ్ళో ఆయన్ని మించినవాడు లేడు. కొత్త దుకాణం గురువారం తెరుస్తున్నాడు. చేతిలో, గాజు పలక లేని చట్రంలో, ముప్పై రెండేళ్ళ కిందటి పేపరు ముక్క. అప్పట్లో మన్సూరా నుంచి తల్ఖా రేవుకు పోయే పడవ నైలు మధ్యలో బోల్తాపడితే, కుర్రవాడైన ముహర్రమ్ దూకి ఏడుగురు పిల్లల్ని ఒడ్డుకు చేర్చాడు. ఆ వార్త అది. వాళ్ళమ్మ దాన్ని ఇన్నేళ్ళూ వంటింటి గోడకు మేకు కొట్టి ఉంచుకుంది.

"దీన్ని పెద్ద అక్షరాల్లో, బంగారు పూల అంచుతో, నిలువెత్తు పలక చేయించాలయ్యా ఫిక్రీ. అమ్మకు చదువు రాదు. వచ్చినవాళ్ళందరూ దుకాణంలో చదువుతుంటే కూర్చుని వినాలని ఆవిడ కోరిక. ఎనభయ్యెనిమిదేళ్ళు. ఇంక కోరికలు మిగల్లేదు, ఇదొక్కటే."

"రేపటికల్లా తయారు హాజీ గారూ!"

తయారు చేశాను. పూల అంచు నేనే ఎంచాను. పూలు బాగా వచ్చాయో లేదో మూడుసార్లు చూసుకున్నాను. రేకులు కూడా లెక్కపెట్టాను. అక్షరాలు అందంగా ఉన్నాయి కదా, వాటిని చదవడం కూడా ఎందుకు?

గురువారం సాయంత్రం దుకాణం ముందు జనం కిటకిటలాడారు. అమ్మగారిని మొదటి వరుసలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు వెనక నిలబడి శుభకార్యాల్లో మావాళ్ళు వేసే సంతోషపు కేకలకు నాలుకలు సిద్ధం చేసుకున్నారు. పలక మీది తెర తీశారు. మసీదు షేకు గారు గొంతు సవరించుకుని గట్టిగా మొదలుపెట్టారు.

"‘నిన్న మధ్యాహ్నం మన నైలు నదిలో పడవ మునిగిన వేళ, ముజ్రిమ్ అనే యువకుడు...’"

ఆగారు. ముజ్రిమ్ అంటే నేరస్థుడు. ముహర్రమ్ అనే పేరు పొట్టలో ఈగ ఒక చుక్క పెట్టిపోతే అయ్యేది అదే. షేకు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చదవడం మొదలుపెట్టాక మధ్యలో ఆపడం ఆయన వృత్తిలో లేదు.

"‘... ఆ నేరస్థుడు ఏడుగురు పిల్లల్ని మోసుకుని ఒడ్డుకు రాగా, తల్లులంతా పరుగున వచ్చి, అతన్ని చుట్టుముట్టి... చంపారు.’"

ముద్దుపెట్టుకున్నారు అని ఉండాలి. రెంటికీ నడుమ తేడా ఒక్క చుక్క కింద నుంచి రెండై పైకెక్కడం.

వెనక వరుసలో వినబడని ఆడవాళ్ళు, వాక్యం పూర్తయింది కదా అని, ఆకాశం అదిరేలా సంతోషపు కేకలు వేశారు.

హాజీ ముహర్రమ్ మొహం సలసల కాగే నూనెలా ఉంది. నేను ఒక చేపల బుట్ట వెనక్కి జరిగాను, బుట్టలో చోటుంటే లోపలికే జరిగేవాణ్ణి. అప్పుడు అమ్మగారి గొంతు వినబడింది.

"ఎవరు చంపింది నా కొడుకుని? ఎదురుగా దున్నపోతులా నిలబడి ఉంటేను! షేకు గారూ, మీరు కూర్చోండి. నేను చెప్తాను."

ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ వార్త మొదటి మాట నుంచి చివరి మాట దాకా అప్పజెప్పింది. ముప్పై రెండేళ్ళుగా ఎవరు వంటింట్లోకి వచ్చినా చదివించుకుని విన్నదట. ఒక్క మాట తప్పలేదు. ఆ రోజు వీధి మొత్తంలో పాఠం సరిగ్గా చదివింది చదువు రాని మనిషే. చివర ‘తల్లులు అతన్ని ముద్దుపెట్టుకున్నారు’ అనగానే కళ్ళు తెరిచి, "అందరికంటే ముందు నేనే పెట్టుకున్నాను. అది పేపరోడు రాయలేదు" అంది. జనం గొల్లుమన్నారు. కేకలు మళ్ళీ లేచాయి, ఈసారి సరైన చోట.

నేను హాజీ దగ్గరికి వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాను.

"తప్పు నాది హాజీ గారూ. రేపే కొత్తది..."

ఆయన నన్ను పక్కకు లాగాడు. తిడతాడనుకున్నాను.

"ఇంకా నయం, ఉస్తాద్ హిల్మీ ఊళ్ళో లేడు. ఉండుంటే ఈపాటికి సిరా సీసా, కలం పట్టుకుని వచ్చి, ఈ తప్పు కూడా తనదేననేవాడు."

"ఈ తప్పు కూడా అంటే?"

హాజీ నా మొహం వంక వింతగా చూశాడు. "నీకు నిజంగా తెలియదా? పోయినేడు నా దుకాణం ఒప్పందం నీ దగ్గర పెద్దక్షరాలు చేయించానా, ఆ సాయంత్రమే ముసలాయన మా ఇంటికి వచ్చాడు. ‘ఫిక్రీ యంత్రం సరిగ్గానే చదివింది, మధ్యలో నేను చెయ్యి పెట్టి చెడగొట్టాను, నా కళ్ళు మందగించాయి, క్షమించండి’ అని కూర్చుని ప్రతి చుక్కా దిద్ది వెళ్ళాడు. మా వీధిలో అందరిళ్ళకూ అంతే."

మర్నాడు నగ్లా అనే పిల్ల దగ్గరికి వెళ్ళాను. తేనెటీగల మీద పరిశోధన చేసిన అమ్మాయి. ఆమె గ్రంథం నేను నమాజు వేళలోనే చేతిలో పెట్టి పంపేశాను. మా భాషలో నహ్ల్ అంటే తేనెటీగలు, పైన చుక్క పడితే నఖ్ల్, అంటే ఖర్జూరపు చెట్లు.

"అదేం అడుగుతావు మావయ్యా! నూట ఎనభై పేజీల్లోనూ ఖర్జూరపు చెట్లే. పొద్దున్నే చెట్లన్నీ ఎగిరిపోయి పూల మీద వాలి, సాయంత్రం తేనె తెచ్చాయి. రాణి చెట్టు గుడ్లు కూడా పెట్టింది. నేను ఏడుస్తూ కూర్చుంటే ఉస్తాద్ బ్లేడు పట్టుకుని వచ్చాడు. మూడు సాయంత్రాలు కూర్చుని చెట్ల మీద చుక్కలన్నీ గీకి ఈగలు చేశాడు."

"ఈగలంటే ఆయనకు పడదే!"

"తేనెటీగలు వేరే అన్నాడు. తప్పు తనదేనని పదిసార్లు చెప్పాడు."

"మీరు నమ్మారా?"

నగ్లా కిసుక్కున నవ్వింది. "ముప్పైనాలుగేళ్ళు ఒక్క చుక్క జారలేదని రోజూ చెప్పే మనిషి, ఒక్క గ్రంథంలో వెయ్యి చుక్కలు జారవిడిచాడంటే ఎవరు నమ్ముతారు? అబద్ధం చెప్తుంటే చెవుల దాకా ఎర్రబడిపోయాడు పాపం. మా అమ్మ నా చెవిలో, ‘నోర్మూసుకో, ముచ్చటగా చెప్పుకుంటున్నాడు, చెప్పుకోనీ’ అంది. ఆయన కోసమే మేమెవరమూ నీ దగ్గరికి గొడవకి రాలేదు. నీకు తెలియకపోవడమే మాకు వింత."

ఆరు ఇళ్ళు తిరిగాను. ఆరింటా అదే కథ. మొదటి రోజు నేను దిద్దకుండానే ఇచ్చేసిన సంతాపపత్రం వాళ్ళ ఇంట్లో కూడా. ఊరందరికీ తెలుసు తప్పులు ఎవరివో. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇంటికి వచ్చి సుహైర్‌తో చెప్తే, "నాకూ తెలుసు. నీ ఛాతీ విరుచుకోవడం చూడటానికి బాగుంటుందని ఊరుకున్నాను" అంది.

శనివారం పొద్దున్నే షాపు మూసి, హాజీ ఇచ్చిన వేయించిన చేపల పొట్లంతో జగాజీగ్ బస్సెక్కాను. ఉస్తాద్ కూతురింటి వరండాలో, ఎడమ కంటికి కట్టుతో, కుడి కంటికి భూతద్దంతో, చుక్కలమందు సీసా మీది చీటీ చదువుతున్నాడు.

"రా నాయనా. ఈ మందు పేరులో ఒక చుక్క తక్కువైంది. వేసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను."

నేను కూర్చోలేదు. జరిగిందంతా చెప్పాను. ముజ్రిమ్ దగ్గర్నుంచి సుహైర్ దాకా అంతా చెప్పాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ముప్పైనాలుగేళ్ళు కాపాడుకున్న పేరు ఉస్తాద్! నా దొంగపని కోసం ఇల్లిల్లూ తిరిగి పాడుచేసుకుంటారా?"

ఆయన భూతద్దం కోటు అంచుతో తుడిచాడు.

"నాది బీరువాలో మడతపెట్టిన పేరు ఫిక్రీ. పండక్కోసారి తీసి దులుపుకునేది. నీ పేరు రోజూ గుమ్మానికి వేలాడాలి, దాని మీద నీ పిల్లల బడీ అన్నమూ ఉన్నాయి. ఏది చిరిగితే ఎక్కువ నష్టం? అయినా నాకు సాయంత్రాలు ఏం తోస్తుంది? జైనబ్ పోయాక ఎవరింట్లోనైనా కూర్చుని టీ తాగడానికి ఒక సాకు కావాలి కదా."

నేను చేపల పొట్లం ఆయన పక్కన పెట్టి, అప్పుడు కూర్చున్నాను. ఆయన వెంటనే చెయ్యి చాచాడు. "ఆ పలక ఫొటో ఉందా? చూపించు."

ఫోను ఇచ్చాను. పలకదీ, పక్కనే అసలు పేపరుదీ. ఒంటికన్నుతో, భూతద్దంతో, చాలాసేపు చూశాడు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కంటి కట్టు పట్టుకుని పడీ పడీ నవ్వాడు. కూతురు కంగారుగా బయటికి వచ్చింది, కుట్లు ఊడిపోతాయని.

"యంత్రం తప్పేం లేదురా" అన్నాడు తేరుకుని. "ఇదిగో, ఇక్కడ నిజంగానే ఈగ మచ్చ ఉంది. ఇక్కడ కాగితం మడత. వంటింటి మసి. అది ఏం చూసిందో అదే చదివింది. నువ్వు చూసి కూడా చదవలేదు."

"ఒప్పుకున్నాను. ఇక నుంచి తప్పులన్నీ నా పేరు మీదే ఉస్తాద్. మీరు ఎవరింటికీ వెళ్ళి అబద్ధాలు చెప్పక్కర్లేదు. ఊరికే టీకి వెళ్ళండి, అందరూ మీకోసం చూస్తున్నారు."

"సరే. మరి ఒప్పులో?"

"అవి మీవి."

"నాకెందుకు? యంత్రానికి రాయి. పాపం, ఆ మసకకళ్ళతో అన్ని పేజీలు చదువుతుంది. నేను తిడతాను, ఊరు తిడుతుంది. ఒక్కడైనా శభాష్ అనకపోతే దానికి పని మీద మనసెలా నిలుస్తుంది?"

మర్నాడు షాపు తెరిచి, స్కానరు అద్దం తుడిచాక, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, దాని వీపు మీద మెల్లగా రెండుసార్లు తట్టాను.